గోదాలో గెలిచేది కిలోలా, కిటుకులా?

భద్రకాళి_కట్ట
మా చిన్నాయన కొడుకు కొన్నేళ్లుగా తాలీంలో, అంటే కుస్తీ నేర్పే చోట, సాధన చేస్తున్నాడు. బరువు అరవై కిలోలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఈసారి ఒక జాతరలో జరిగిన కుస్తీ పోటీల్లో, ఏనాడూ తాలీం గడప తొక్కని, ఎనభై అయిదు కిలోలకు తగ్గని ఒక ట్రాక్టరు డ్రైవరుతో అతనికి జోడీ కట్టారు. మావాడు రెండుసార్లు ఆ మనిషిని కిందికి తెచ్చాడు గానీ వీపును మట్టికి ఆనించలేకపోయాడు. ఆ తరువాత అతను మీద పడి కదలనివ్వలేదు, చివరికి మావాడే చిత్తయ్యాడు. ఇంటికి వచ్చాక మా పెదనాయన "బక్కోనికి, బలిసినోనికి పోటీ ఏందిరా" అని ఒక్క మాటతో తేల్చేశారు. నా సందేహం ఇది: శరీరమే గెలిపించేట్టయితే ఇన్నేళ్ల సాధన ఎందుకు? నైపుణ్యమే గెలిపించేట్టయితే ఒలింపిక్స్‌లో 57, 65, 74 కిలోలంటూ తూకం వేసి మల్లయోధులను విడదీయడం ఎందుకు?

కాకతీయ_కరాటే
నైపుణ్యమే గెలుస్తుంది, ఇందులో నాకు సందేహం లేదు. 1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్ నగరంలో గుద్దులు, పట్లు రెండూ చెల్లే యూఎఫ్‌సీ అనే పోరు తొలిసారి, బరువు తరగతులే లేకుండా జరిగింది. సుమారు ఎనభై కిలోల రాయిస్ గ్రేసీ బ్రెజిల్ జియు-జిట్సు పట్లతో ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీసి టోర్నీ గెలిచాడు. మరుసటి ఏడాది డిసెంబరులో 118 కిలోల దాకా ఉన్న మల్లయోధుడు డాన్ సెవెర్న్ కింద చిక్కుకొని కూడా, తన కాళ్లతో అతని మెడకు ఉచ్చు బిగించి ఓటమి ఒప్పించాడు. మీ తమ్ముడికి కావలసింది మరికొన్ని కిలోలు కావు, మరికొన్ని పట్లు.

పీఈటీ_సారు
కరాటే మిత్రుడు కథలో తనకు నచ్చిన సగమే చెప్పారు. అదే యూఎఫ్‌సీ 1997లో బరువు తరగతులు ప్రవేశపెట్టింది. గ్రేసీ తొలి ప్రత్యర్థుల్లో చాలామందికి నేల మీద ఎలా పోరాడాలో తెలియదు. ఆ విద్య అందరికీ వచ్చిన తరువాత అదే పట్టు ఎనభై కిలోల మనిషికి నూట ఇరవై కిలోల మనిషి మీద అంత సులువుగా పలకదు. పైగా సెవెర్న్‌తో జరిగిన పోరు పదిహేను నిమిషాలు దాటింది, అందులో ఎక్కువసేపు గ్రేసీ కిందే ఉన్నాడు. ఈనాటి అయిదు నిమిషాల రౌండ్లు, న్యాయనిర్ణేతల లెక్కలు అప్పుడు ఉండి ఉంటే ఆ పోరు వేరే విధంగా ముగిసేదని నా అభిప్రాయం.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్
సారు బడిలోనే కాకుండా ఇక్కడ కూడా సగం మార్కులే వేస్తున్నారు.

బోధన్_వస్తాదు
కట్ట తమ్ముడూ, మీవాడు ఎందుకు ఓడాడో మీ ప్రశ్నలోనే ఉంది. అతను ఆడింది మట్టి కుస్తీ. చాప మీద ఆడే ఫ్రీస్టైల్ కుస్తీలో ప్రత్యర్థిని కిందికి తెచ్చినందుకు రెండు పాయింట్లు వస్తాయి కాబట్టి మీవాడు అక్కడయితే నాలుగు పాయింట్ల ఆధిక్యంలో ఉండేవాడు, పది పాయింట్ల తేడా వస్తే కుస్తీ అంతటితో ముగిసి ఉండేది. జాతర గోదాలో పాయింట్లు ఉండవు. వీపు మట్టికి ఆనితేనే గెలుపు. నేర్పు ఉన్నవాడు ఎంత బరువున్నవాణ్ణయినా కిందికి తేగలడు, ఎందుకంటే నిలబడ్డ మనిషి తన బరువును రెండు కాళ్ల మీద మోస్తుంటాడు, ఆ కాళ్లలో ఒకటి లాగితే ఆ బరువే అతన్ని పడేస్తుంది. కానీ బోర్లా పడుకొని చేతులు చాచి మట్టిని కరుచుకున్న మనిషిని వెల్లకిలా తిప్పాలంటే ఆ బరువంతా మనమే ఎత్తాలి.

ఇది మీవాడికి మాత్రమే ఎదురైన చిక్కు కాదు. 1910లో లండన్‌లో గామా పహిల్వాన్‌కు, తనకంటే బరువైన పోలండు మల్లుడు జ్బిస్కోకు కుస్తీ జరిగినప్పుడు, గామా తొందరగానే అతన్ని కిందపడేశాడు. ఆ తరువాత జ్బిస్కో రెండు గంటలకు పైగా బోర్లా పడుకొని లేవనే లేదు. గామా అంతటివాడు కూడా తిప్పలేకపోయాడు, ఆ కుస్తీ తెగకుండానే ముగిసింది. 1928లో పాటియాలాలో మళ్లీ కలిసినప్పుడు ఒక్క నిమిషం లోపలే చిత్తు చేశాడు. అదే ఇద్దరు, రెండు ఫలితాలు. జ్బిస్కోకు నేల మీద కుదురుకొనే అవకాశం రెండోసారి దొరకలేదు.

మన దిక్కు జాతరల్లో కొబ్బరికాయ కుస్తీతో మొదలుపెట్టి, నగదు కుస్తీలు నడిపి, చివరన వెండి కడెం కుస్తీ ఆడిస్తారు. నాందేడ్ వైపు నుంచి కూడా పహిల్వాన్లు వస్తారు. జోడీ కలిపే పెద్దమనిషి ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి కంటితో చూసి సరే అంటాడు, కాంటా ఉండదు. తెలిసిన వస్తాదు పక్కన ఉంటే ఆ జోడీకి ఒప్పుకోడు. మీవాడి వెంట ఆనాడు ఎవరూ లేరా?

భద్రకాళి_కట్ట
వస్తాదు గారూ, వాళ్ల వస్తాదు ఆ రోజు రాలేదు. జనం ఈలలు వేస్తుంటే మావాడే ముందుకు వెళ్లి చేయి కలిపాడు.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్
ఈలల బరువు ఏ కాంటా మీదా తూగదు.

ఇందూరు_పంచ్
నేను నిజామాబాదులో కొన్నాళ్లు బాక్సింగ్ ఆడాను, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను. గుద్దుల ఆటలో ఈ లెక్క కుస్తీ కంటే కఠినంగా ఉంటుంది, ఎందుకంటే కుస్తీలో తప్పు చేస్తే లేచి సరిదిద్దుకోవచ్చు, బాక్సింగులో ఎనభై కిలోల మనిషి గుద్దు ఒకటి సరిగ్గా తగిలితే ఆ అవకాశం రాదు. చిన్న మనిషి ప్రతి క్షణం సరిగ్గా ఆడాలి, పెద్ద మనిషికి ఒక్క క్షణం చాలు.

మేరీ కోమ్ సంగతి చూడండి. ఆమె ప్రపంచ స్వర్ణాలన్నీ 45 నుంచి 48 కిలోల మధ్య తరగతుల్లో వచ్చాయి. 2012లో లండన్‌లో మహిళల బాక్సింగును తొలిసారి ఒలింపిక్స్‌లో చేర్చినప్పుడు 51, 60, 75 కిలోల తరగతులు మూడే పెట్టారు. ఆమె 51కి ఎదిగి ఆడవలసి వచ్చింది, సెమీఫైనల్లో నికోలా ఆడమ్స్ చేతిలో ఓడి కాంస్యంతో తిరిగి వచ్చింది. అప్పటికే అయిదుసార్లు ప్రపంచ విజేత అయిన మనిషికి నైపుణ్యం తక్కువని ఎవరంటారు? మూడు కిలోల తేడాయే ఆమెను ఓడించిందని కూడా నేను అనను, ఆడమ్స్ గొప్ప బాక్సర్. అయితే ఆ మూడు కిలోల వెంట ప్రత్యర్థుల ఎత్తు, చేతుల పొడవు కూడా పెరుగుతాయి. మీరు గుద్దగలిగిన దూరంలోకి మీరు వెళ్లేసరికి ఆమె గుద్దు ముందే మీ ముఖం మీద ఉంటుంది.

మా ఊరి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో ప్రపంచ విజేత అయింది, ఆ తరువాత 50కి దిగి 2023లో ఢిల్లీలో మళ్లీ గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆమెను ఓడించిన చైనా అమ్మాయి వూ యూ కూడా 52 కిలోల ప్రపంచ విజేతగా ఉండి 50కి దిగినదే, చివరికి స్వర్ణం కూడా ఆమెకే దక్కింది. పైవాళ్లు కిందికి దిగడానికి ఎందుకు అంత కష్టపడుతున్నారో ఒక్కసారి ఆలోచించండి.

కాకతీయ_కరాటే
పంచ్ అక్కా, మీరు సమానమైన నైపుణ్యం ఉన్నవాళ్ల గురించి చెబుతున్నారు. సాధన చేసినవాడికి, చేయనివాడికి మధ్య సంగతి అడిగారు ఇక్కడ.

ఇందూరు_పంచ్
చేయనివాడితో కూడా ఆడించాను తమ్ముడూ. మొదటి నిమిషం దాటితే చేయనివాడికి ఊపిరి అందదు, తరువాత ఆట మనదే. ఆ మొదటి నిమిషమే ప్రమాదం, ఎందుకంటే గుద్దు ఎటు నుంచి వస్తుందో అతనికే తెలియదు, ఇక మనకెలా తెలుస్తుంది?

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్
హెవీవెయిట్ బాక్సింగు చూస్తే కరాటే తమ్ముడి మాటే నిజమనిపిస్తుంది. 1919లో జాక్ డెంప్సీ 85 కిలోలు, జెస్ విల్లార్డ్ 111 కిలోలు. మొదటి రౌండులోనే డెంప్సీ అతన్ని ఏడుసార్లు పడగొట్టాడు, నాలుగో రౌండుకు విల్లార్డ్ బయటికి రాలేదు. 2009లో డేవిడ్ హే 99 కిలోలతో, ఏడడుగుల ఎత్తు, 143 కిలోల బరువున్న వాల్యుయెవ్‌ను పాయింట్లపై ఓడించాడు. 2024 మేలో రియాద్‌లో ఉసిక్ 101 కిలోలు, టైసన్ ఫ్యూరీ 119 కిలోలు, గెలిచింది ఉసిక్. డిసెంబరులో ఫ్యూరీ 127 కిలోలకు పెరిగి వచ్చి మళ్లీ ఓడాడు. బరువు పెంచడమే మందయితే ఫ్యూరీ రోగం తగ్గాలి కదా.

పీఈటీ_సారు
నైట్‌షిఫ్ట్ గారూ, ఉసిక్‌ను చిన్న మనిషి అనడం ఫ్యూరీ పక్కన నిలబెట్టినప్పుడే చెల్లుతుంది. అతను ఆరడుగుల మూడంగుళాల మనిషి, ఒలింపిక్ విజేత, మన చౌరస్తాలో నిలబడితే ఎవరూ దారికి అడ్డం రారు. వంద కిలోలు దాటిన తరువాత అదనపు బరువు చేసే మేలు తగ్గుతూ వస్తుందని నా అనుమానం, ఎందుకంటే వంద కిలోల మనిషి గుద్దుతోనే ఎవరినైనా పడగొట్టవచ్చు. ఆ పైన ఉన్న బరువును పన్నెండు రౌండ్లు మోయడం భారమే అవుతుంది. ఆ మేరకు వస్తే హెవీవెయిట్ ఉదాహరణలు అరవై కిలోల పిల్లవాడికి పనికిరావు.

మీ జాబితాలో లేని పోరు ఒకటి చెబుతాను. 1941 జూన్‌లో జో లూయీ, బిల్లీ కాన్ తలపడ్డారు. కాన్ లైట్ హెవీవెయిట్ నుంచి వచ్చినవాడు, లూయీ కంటే పది కిలోలకు పైగా తక్కువ. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఇద్దరి లెక్కలో కాన్ ముందున్నాడు. పదమూడో రౌండులో పడగొట్టి గెలవాలనే ఆశతో దగ్గరికి వెళ్లాడు, లూయీ పడగొట్టాడు. పన్నెండు రౌండ్లు నైపుణ్యం గెలిచింది, ఒక్క రౌండు బలం గెలిచింది, పేరు మాత్రం ఆ ఒక్క రౌండుదే.

హన్మకొండ_హుక్
కాన్ ఓడింది బరువు వల్ల కాదు, ఆశ వల్ల. దూరంగా ఉండి ఆడితే విజేత అయ్యేవాడు.

పీఈటీ_సారు
అంతటి అలసటలో దూరంగా ఉండగలగడం కూడా ఒక బలమే.

హన్మకొండ_హుక్
అయితే మీ పక్షానికే ఒక సాక్ష్యం ఇస్తాను, మీరు అడగకుండానే. 2002లో జపాన్‌లో కే-1 కిక్‌బాక్సింగ్ పోటీల్లో, అప్పటికే మూడుసార్లు గ్రాండ్ ప్రి విజేత అయిన ఎర్నెస్టో హూస్ట్‌ను బాబ్ సాప్ అనే మాజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఒకే ఏడాదిలో రెండుసార్లు ఓడించాడు. సాప్ హూస్ట్ కంటే యాభై కిలోలకు పైగా బరువు. అతనికి చెప్పుకోదగ్గ విద్యే లేదు, మీద పడి గుద్దడమే. రెండోసారి గెలిచాక సాప్ చేతికి గాయమై ముందుకు ఆడలేకపోయాడు. అతని స్థానంలో హూస్ట్ తిరిగి వచ్చి ఆ రాత్రే నాలుగో టైటిల్ గెలిచాడు. ఇక్కడ ఎవరు గెలిచినట్టో మీరే చెప్పండి.

కాకతీయ_కరాటే
అదే ఏడాది ఆగస్టులో అదే సాప్‌ను జియు-జిట్సు యోధుడు నోగెయిరా నేల మీద చేయి మెలిపెట్టి లొంగదీశాడు. మొదట తలకిందులుగా ఎత్తి పడేసినా తట్టుకున్నాడు. గుద్దుల ఆటలో గెలిచిన శరీరం పట్ల ఆటలో ఓడింది. నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే, పట్టు తెలిసినవాడి ముందు బరువు నిలవదు.

బోధన్_వస్తాదు
నోగెయిరా కూడా వంద కిలోలు దాటినవాడే, బాబూ. అరవై కిలోల పహిల్వాన్ను సాప్ ముందు నిలబెట్టి చూపించు, నేను వచ్చి కొబ్బరికాయ కొడతాను.

జగిత్యాల_ఫిజిక్స్
ఇంతమంది ఇన్ని పేర్లు చెప్పారు కాబట్టి నేను లెక్క చెబుతాను. శరీరం అన్ని వైపులా ఒకే నిష్పత్తిలో పెరిగితే బరువు ఘనంలో, కండరం అడ్డుకోత వైశాల్యం వర్గంలో పెరుగుతుంది. కండర బలం ఆ అడ్డుకోతను బట్టి ఉంటుంది. అందువల్ల చిన్న మనిషి తన బరువుతో పోల్చితే ఎక్కువ బలవంతుడు, పెద్ద మనిషి మొత్తంగా ఎక్కువ బలవంతుడు. వెయిట్‌లిఫ్టింగ్ దీనికి శుభ్రమైన రుజువు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో నయీం సులేమానోగ్లూ 60 కిలోల తరగతిలో క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే ముందు భుజాల దాకా, ఆపై తల మీదికి ఎత్తే పద్ధతిలో, 190 కిలోలు ఎత్తాడు, అంటే తన బరువుకు మూడింతలకు పైగా. 2021లో జార్జియాకు చెందిన తలఖాద్జే అదే పద్ధతిలో 267 కిలోలు ఎత్తాడు, అది తన బరువుకు ఒకటిన్నర రెట్ల దగ్గర ఆగుతుంది. నిష్పత్తిలో సులేమానోగ్లూ ఎంతో ముందున్నాడు. కానీ కుస్తీలో ప్రత్యర్థి మీ బరువుకు తగ్గట్టు తన బరువు తగ్గించుకొని రాడు కదా, మీరు ఎత్తవలసింది అతని బరువును, అతను ఎత్తవలసింది మీ బరువును. ఆ 77 కిలోల తేడా అక్కడే పనిచేస్తుంది.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్
నాకు ఇంటర్‌లో ఫిజిక్స్ ఎందుకు పోయిందో ఈరోజు గుర్తుకు వచ్చింది.

మంచిర్యాల_మాన్సూన్
లెక్చరర్ గారి లెక్క సరైనదే అయితే సుమోలో అందరికంటే బరువైనవాడే ఎప్పుడూ గెలవాలి. అక్కడ బరువు తరగతులే లేవు. కానీ తన కాలంలో అందరికంటే బరువైన కొనిషికి, 270 కిలోలు దాటినా, సుమోలో అన్నిటికంటే పై హోదా అయిన యోకొజునా కాలేకపోయాడు. అదే కాలంలో అతని సగం బరువు కూడా లేని చియోనోఫుజి 31 టోర్నీలు గెలిచాడు. వంద కిలోలు కూడా లేని మైనోఉమి అదే కొనిషికిని ఓడించాడు. ఆ మైనోఉమికి సుమోలో చేరేందుకు కావలసిన ఎత్తు లేకపోతే, తల చర్మం కింద సిలికాన్ ఎక్కించుకొని కొలతకు నిలబడ్డాడు.

హన్మకొండ_హుక్
మన దగ్గర కానిస్టేబుల్ ఎంపికలకు వెళ్లే పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పకండి.

పీఈటీ_సారు
సుమోలో వృత్తం నుంచి అడుగు బయట పడినా ఓటమే, చేయి నేలకు తగిలినా ఓటమే. పెద్ద మనిషిని ఓడించడానికి అతన్ని లొంగదీయనక్కరలేదు, పక్కకు తప్పుకుంటే చాలు. వస్తాదు గారు మట్టి కుస్తీ గురించి చెప్పినదానికి ఇది సరిగ్గా తలకిందులు. ఒకే ఇద్దరిని జాతర గోదాలో పెడితే ఒకరు, సుమో వృత్తంలో పెడితే మరొకరు గెలవవచ్చు. నైపుణ్యం ఎన్ని కిలోలకు సమానమని అడిగేముందు ఏ నియమాల కింద అని అడగాలి.

జూడో చరిత్ర దీన్నే చూపుతుంది. జపాన్ వాళ్లు చాలాకాలం బరువు తరగతులు అక్కరలేదన్నారు. 1961లో ఆరున్నర అడుగుల డచ్చి మనిషి ఆంటన్ గేసింక్ ప్రపంచ విజేత అయ్యాడు. 1964లో టోక్యోలో జూడోను తొలిసారి ఒలింపిక్స్‌లో తరగతులతో పెట్టినప్పుడు, బరువు పరిమితి లేని విభాగంలో జపాన్ వాళ్ల సొంత ఇంట్లో కమినాగాను ఓడించాడు. అయితే గేసింక్ పెద్ద శరీరంతో పాటు జపాన్ వెళ్లి నేర్చుకున్న విద్య కూడా ఉన్నవాడు, ఆ రెండూ ఒకే మనిషిలో కలిసినప్పుడు ఎదుట నిలవడం కష్టం. మరోవైపు ఎనభై కిలోల ఒకానో 1967లోనూ, 1969లోనూ బరువు పరిమితి లేని అఖిల జపాన్ పోటీ గెలిచాడు. అంతకంటే చిన్నవాడైన కోగా 1990లో అదే పోటీ ఫైనల్ దాకా వచ్చి నూట ముప్పై కిలోల ఒగావా చేతిలో ఓడాడు.

ఇందూరు_పంచ్
ఇంత చర్చ అక్కరలేని రుజువు ఒకటి ఉంది. 2024 పారిస్‌లో వినేశ్ ఫోగట్ 50 కిలోల తరగతిలో ఫైనల్ దాకా వచ్చి, రెండో రోజు తూకంలో వంద గ్రాములు ఎక్కువ ఉన్నందుకు అనర్హురాలైంది. అంతకుముందు 53 కిలోల్లో ఆడిన మనిషి ఆ వంద గ్రాముల కోసం రాత్రంతా చెమట కార్చింది, జుట్టు కూడా కత్తిరించుకుంది. బరువుకు విలువ లేకపోతే ప్రపంచంలోని మేటి క్రీడాకారులంతా నీళ్లు మాని, ఆవిరి గదుల్లో కూర్చొని, కింది తరగతికి దిగాలని ఎందుకు తపిస్తారు? ఇది నాకు నచ్చే సంగతి కాదు. పిల్లల చేత ఇలా చేయించే శిక్షకులను చూశాను, కోపం వస్తుంది.

కాకతీయ_కరాటే
అక్కా, అందరూ దిగుతారు కాబట్టి ఎవరికీ ప్రత్యేకంగా లాభం ఉండదు, దిగనివాడికి నష్టం మాత్రం ఉంటుంది. ఇది భయం వల్ల నడిచే ఆచారం. బాక్సర్ పకియావ్ ఈ ఆచారాన్ని ఎదురు తిప్పాడు, నలభై ఎనిమిది కిలోల దగ్గర మొదలుపెట్టి ఎనిమిది తరగతుల్లో టైటిళ్లు గెలిచాడు. 2010లో తనకంటే ఎంతో పెద్దవాడైన మార్గరీటోను పన్నెండు రౌండ్లు చితకబాదాడు.

ఇందూరు_పంచ్
పకియావ్‌లు తరానికి ఒక్కరు పుడతారు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఇంకా ఎవరూ కనిపించలేదు, కనిపిస్తే మొదట నీకే చెబుతాను.

మంచిర్యాల_మాన్సూన్
బరువు చూడని ఆట మన జిల్లాల్లో ఒకటి మిగిలి ఉంది. బోధన్ దగ్గర హున్సాలో హోలీ నాడు పిడిగుద్దులాట ఆడతారు. ఊరు రెండు జట్లయి, నడుమ కట్టిన తాడు పట్టుకొని ఒకరినొకరు గుద్దుకుంటారు. అక్కడ ఏ సిద్ధాంతం పనిచేస్తుందో వస్తాదు గారే చెప్పాలి.

బోధన్_వస్తాదు
అక్కడ తాడును వదలని చేయే సిద్ధాంతం. ఆట అయ్యాక అందరూ కలిసే తిరుగుతారు, కాబట్టి గెలుపోటముల లెక్క ఎవరూ రాయరు.

భద్రకాళి_కట్ట
అందరికీ ధన్యవాదాలు. నాకు అర్థమైనంత వరకు మావాడు చాప కుస్తీ వైపు వెళ్లడం మేలు. జాతరలు మానమంటే మాత్రం వినడు.

బోధన్_వస్తాదు
మానవలసిన పని లేదు. పది కిలోల లోపు తేడా ఉన్న జోడీకే ఒప్పుకోవాలి, అంతకు మించితే కడెం వచ్చినా సరే చేయి కలపకూడదు. బోర్లా పడుకున్న మనిషిని పక్కటెముకల దగ్గర నుంచి కాకుండా చేయి ఒకటి ముందు లాగి ఆ వైపుకు తిప్పడం నేర్చుకోమనండి. ఎత్తవలసిన బరువు సగానికి తగ్గుతుంది.

కరీంనగర్_తల్లి
చర్చ ముగిసేలోపు నాదొక ప్రశ్న. మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది, తన ఈడు పిల్లల కంటే పొట్టిగా, సన్నగా ఉంటుంది. ఇలాంటి శరీరానికి బాక్సింగు మంచిదా, జూడో మంచిదా, కుస్తీ మంచిదా?

జగిత్యాల_ఫిజిక్స్
లెక్క ప్రకారం జూడో. పొట్టివాళ్ల గరిమనాభి, అంటే ఒంటి బరువుకు కేంద్రం, కిందికి ఉంటుంది, విసరడానికి ప్రత్యర్థి కిందికి దూరడం సులువవుతుంది.

ఇందూరు_పంచ్
లెక్చరర్ గారితో ఈసారి నేను కూడా ఏకీభవిస్తున్నాను, బాక్సింగ్ నేర్పేదాన్నయినా. బాక్సింగులో ఒకే బరువులో పొడుగు చేతుల అమ్మాయిలు ఎదురవుతారు, పొట్టి అమ్మాయికి లోపలికి చొచ్చుకెళ్లడం నేర్పడానికే రెండేళ్లు పడుతుంది. ఏ ఆటయినా సరే, చేర్చే ముందు అక్కడి సాధన ఒక సాయంత్రం కూర్చొని చూడండి. పిల్లలను బరువు చూసి జతపరుస్తున్నారా, కండ ఉన్నవాళ్లను చిన్నవాళ్ల మీదికి వదులుతున్నారా అన్నది గమనించండి. ఎనిమిదో తరగతి పిల్లను పోటీ కోసం అన్నం తగ్గించమని అడిగే శిక్షకుడయితే మాత్రం ఆ ఫీజు కట్టకండి.

కరీంనగర్_తల్లి
అన్నం సంగతి అడిగితే మా అమ్మాయి ముందే ఆ శిక్షకుడిని ఓడిస్తుంది. వచ్చే వారం జూడో చూసి వస్తాం.